స్పానిష్‌లో లక్షలు, కోట్లు దాటిన అంకెలు: వినడం, చెప్పడం, రాయడం ఎలా?

అంకెల_గోల

నమస్తే అందరికీ. హైదరాబాద్‌లో అకౌంట్స్ పేయబుల్ పని నాది. వచ్చే క్వార్టర్ నుంచి మా టీమ్‌కి మెక్సికో, కొలంబియా, చిలీ వెండర్లు వస్తున్నారు, స్పెయిన్ వాళ్లు కూడా కొందరు. స్పానిష్ ఏ2 దాకా, అంటే మొదటి రెండు స్థాయిలు, చదివాను. మెయిల్ చదవడం, రాయడం ఫర్వాలేదు. వంద లోపు అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. వెయ్యి దాటాకే అసలు గోల. అవతలి మనిషి ఫోన్‌లో "క్వాత్రొసియెంతోస్ సింక్వెంతా ఇ త్రేస్ మిల్..." అని అందుకోగానే నేను దాన్ని ముందు ఇంగ్లీష్‌లో అనుకుని, ఆ ఇంగ్లీష్‌ని లక్షల్లోకి తిప్పుకుని, ఓహో నాలుగు లక్షల యాభై మూడు వేలు అని తేల్చుకునేలోపు వాళ్లు మిగతా అంకెలన్నీ చెప్పేసి తర్వాతి ఇన్వాయిస్‌కి వెళ్లిపోతారు.

దీనికి మీరు ఏ పద్ధతి వాడుతున్నారు? మిలియన్, బిలియన్ దాకా ఇంగ్లీష్ లాగే ఉంటుందా? చుక్క ఎక్కడ, కామా ఎక్కడ అన్నది దేశాన్ని బట్టి మారుతుందంటున్నారు, నిజమేనా? ఇంకోటి, మొత్తాన్ని అక్షరాల్లో రాయాల్సి వస్తే స్పెల్లింగ్ రూల్స్ ఏమైనా గుర్తుపెట్టుకునేలా చెప్పగలరా? పుస్తకాల్లో పట్టికలు ఉన్నాయి, అవి చూశాను, అవి చూస్తే వస్తుంది, ఫోన్ ఎత్తితే పోతుంది.

వలెన్సియా_నుంచి

మధ్యలో ఇంగ్లీష్‌ని తీసెయ్యండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఇక్కడికి చదువుకోడానికి వచ్చే మనవాళ్లు చాలామంది ఇదే పని చేస్తారు, స్పానిష్ నుంచి ఇంగ్లీష్, ఇంగ్లీష్ నుంచి తెలుగు. నిజానికి పెద్ద అంకెల్లో స్పానిష్‌కి ఇంగ్లీష్ కంటే మన లెక్కే దగ్గర.

ఎలాగంటే, ఇంగ్లీష్‌లో వెయ్యి రెట్లు పెరిగిన ప్రతిసారీ కొత్త పేరు వస్తుంది. మనకి కోటి దాటాక కొత్త పేరు వాడుకలో లేదు కదా, వెయ్యి కోట్లు అంటాం, పదివేల కోట్లు అంటాం, లక్ష కోట్లు అంటాం. అంటే కోటిని ఒక మూటలా పెట్టుకుని దాని ముందు మళ్లీ వేలు, లక్షలు లెక్కపెడతాం. స్పానిష్ వాళ్లు మియోన్‌తో సరిగ్గా ఆ పనే చేస్తారు. మియోన్ అంటే పది లక్షలు. అది దాటాక దియేస్ మియోనెస్ మన కోటి, సియెన్ మియోనెస్ పది కోట్లు, తర్వాత వచ్చేది కొత్త పేరు కాదు, మిల్ మియోనెస్, అంటే వెయ్యి మియోన్లు, మనకి వంద కోట్లు. దియేస్ మిల్ మియోనెస్ అంటే వెయ్యి కోట్లు. వెయ్యి కోట్లు అనడానికి అలవాటుపడ్డ నాలుకకి మిల్ మియోనెస్ అనడం కొత్తేమీ కాదు. 2022 నవంబర్ 15న ప్రపంచ జనాభా 800 కోట్లు దాటిందని ఐక్యరాజ్యసమితి చెప్పినప్పుడు ఇక్కడి పేపర్లన్నీ "8.000 మియోనెస్" అనే రాశాయి, చదివేటప్పుడు ఓచో మిల్ మియోనెస్. మన దేశ జనాభా 140 కోట్లని చెప్పాలంటే మిల్ క్వాత్రొసియెంతోస్ మియోనెస్.

ఇక రాతలో తిప్పుకోవడం. లక్షలు, వేలు ఉన్న అంకెని స్పానిష్‌లో చెప్పాలంటే లక్షల్లో చివరి అంకెని తీసి వేల ముందు వందగా అతికించాలి. 34 లక్షల 56 వేలు ఉందనుకోండి, 34లోని 4 వెళ్లి 56 పక్కన చేరి 456 వేలు అవుతుంది, మిగిలిన 3 మియోన్లు. త్రేస్ మియోనెస్ క్వాత్రొసియెంతోస్ సింక్వెంతా ఇ సేయ్స్ మిల్. లక్షలు ఒంటి అంకె అయితే మియోన్ ఉండదు, 7 లక్షల 25 వేలు నేరుగా 725 మిల్ అయిపోతుంది, సెతెసియెంతోస్ బెయింతిసింకో మిల్. కోట్లు ఉంటే కోట్ల పక్కన లక్షల్లో మొదటి అంకె చేరి మియోన్లు అవుతాయి. 12 కోట్ల 34 లక్షల 56 వేలు అంటే 123 మియోన్లు, 456 మిల్. లక్షలు ఒంటి అంకె అయితే ముందు సున్నా ఉందనుకోవాలి, అక్కడే చాలామంది జారిపడతారు: 5 కోట్ల 8 లక్షలు అంటే 58 మియోన్లు కాదు, 50 మియోన్లు, 800 మిల్.

కోచింగ్_బ్రో

ఇంత అవసరమా బ్రో. మిలియన్ అంటే మియోన్, బిలియన్ అంటే బియోన్, ట్రిలియన్ అంటే త్రియోన్. ఇంగ్లీష్ వస్తే స్పానిష్ అంకెలు వచ్చేసినట్టే. యాప్‌లో పది నిమిషాల పని.

బొగోటా_బాబు

అయ్యా కోచింగ్ బ్రో, ఈ సలహా పాటించి ఎవరైనా పేమెంట్ రిలీజ్ చేస్తే కంపెనీ మూతపడుతుంది. బియోన్ అంటే ఇంగ్లీష్ బిలియన్ కాదు. మిలియన్ మిలియన్లు, అంటే ఒకటి పక్కన పన్నెండు సున్నాలు. ఇంగ్లీష్ బిలియన్‌కి వెయ్యి రెట్లు. ఇంగ్లీష్‌లో ట్రిలియన్ అనేదాన్ని స్పానిష్‌లో బియోన్ అంటారు. త్రియోన్ అంటే ఇంకా దూరం, పద్దెనిమిది సున్నాలు.

మనకి ఇంకా తేలిక. బియోన్ అంటే అచ్చంగా మన లక్ష కోట్లు. బడ్జెట్ వార్తల్లో రోజూ వినే మాటే. కొలంబియా 2024 బడ్జెట్ సుమారు 502 బియోనెస్ పెసోలు, అదే ఇంగ్లీష్ పేపర్లలో 502 ట్రిలియన్ అని వస్తుంది. మీరు 502 లక్షల కోట్లు అనుకుంటే చాలు, మధ్యలో ట్రిలియన్ ఊసే అక్కర్లేదు.

బ్రిటన్‌లో కూడా ఒకప్పుడు బిలియన్ అంటే మిలియన్ మిలియన్లే, ప్రభుత్వ లెక్కల్లో 1974లో అమెరికా పద్ధతికి మారిపోయారు. స్పానిష్ మారలేదు. వంద కోట్లకి ఒక్క మాట ఉంటే బాగుండునని మియార్దో అనే పదాన్ని స్పానిష్ భాషకి నియమాలు పెట్టే స్పెయిన్‌లోని రియల్ అకాడెమియా 1995లో ఒప్పుకుంది, వెనెజ్వెలా అధ్యక్షుడు రఫాయెల్ కాల్దెరా అడిగితే. కానీ ఇక్కడ బొగోటాలో ఆ మాట నేనైతే విన్నది లేదు, అందరూ మిల్ మియోనెస్ అనే అంటారు. చదివినప్పుడు అర్థమైతే చాలు, వాడక్కర్లేదు.

ఇంకో హెచ్చరిక. లాటిన్ అమెరికా అన్నారు కాబట్టి రేపు బ్రెజిల్ కూడా మీ నెత్తిన పడుతుంది. వాళ్లది పోర్చుగీస్, అక్కడ బిలియావ్ అంటే ఇంగ్లీష్ లాగే వంద కోట్లు. పక్కపక్క దేశాలు, చెవికి దాదాపు ఒకేలా వినిపించే మాట, విలువలో వెయ్యి రెట్లు తేడా.

అసలు మీకు పని పడేది ఇంత పెద్ద అంకెలతో కాదు, రోజువారీ మాటల్లో మింగేసే అంకెలతో. కొలంబియాలో అన్నీ వేలల్లోనే, అందుకని మిల్ అనడం మానేస్తారు. భోజనం బెయింతె అంటే ఇరవై పెసోలు కాదు, ఇరవై వేలు. 2016 నుంచి వచ్చిన కొత్త నోట్ల మీద కూడా మూడు సున్నాలు తీసేసి "మిల్" అని అక్షరాల్లో వేశారు. ఇల్లు అద్దెకి "మియోన్ ఒచొసియెంతోస్" అంటారు, అది పది లక్షల ఎనిమిది వందలు కాదు, పద్దెనిమిది లక్షలు, చివర్లో మిల్ మింగేశారు. ఇది విని మీరేం ఆశ్చర్యపోకండి, మన దగ్గర ప్లాట్ రేటు "కోటీ ఇరవై" అంటే కోటీ ఇరవై రూపాయలా? "లక్షా ఇరవై" అంటే లక్షా ఇరవై రూపాయలా? అదే లెక్క. చిలీ వాళ్లతో మాట్లాడితే లూకా అనే మాట వింటారు, వెయ్యి పెసోలు. పాలో అంటే మియోన్. ఇన్వాయిస్‌లో రాయరు గానీ ఫోన్‌లో నోరు జారుతుంది. సిన్కో పాలోస్ అంటే యాభై లక్షల పెసోలు.

అంకెల_గోల

బొగోటా బాబు గారూ, లక్ష కోట్లు అన్న ముక్క బుర్రలోకి మేకులా దిగింది, థాంక్స్. వలెన్సియా గారూ, మీరు చెప్పినట్టు లక్షల చివరి అంకె జరపడం కాగితం మీద బాగానే వస్తోంది, కానీ వినేటప్పుడు ఇది తిరగేసి చెయ్యాలి కదా, అంత టైమ్ ఉండదు. మరి వినేటప్పుడు ఏం చెయ్యాలి?

వలెన్సియా_నుంచి

వినేటప్పుడు అసలు తిప్పకండి. విలువ ఎంతో ఆ క్షణంలో తెలియక్కర్లేదు, అంకెలు సరిగ్గా పడితే చాలు. మియోన్ లేదా మియోనెస్ అని వినపడగానే ఒక చుక్క పెట్టండి, దాని తర్వాత ఆరు గడులు ఉంటాయని చేతికి తెలియాలి. మిల్ అని వినపడగానే ఇంకో చుక్క, దాని తర్వాత మూడు గడులు. వాళ్లు చెప్పని చోట సున్నా. దోస్ మియోనెస్ కీన్సె మిల్ సియేతె అన్నారనుకోండి: 2, చుక్క, 015, చుక్క, 007. మొత్తం 2.015.007. త్రేస్ మియోనెస్ క్వారెంతా అంటే మిల్ అనే మాటే రాలేదు, కాబట్టి మధ్య గడి మొత్తం సున్నాలు, 3.000.040. ఫోన్ పెట్టేశాక తీరిగ్గా ముప్పై లక్షల నలభై అనుకోవచ్చు. మొదట్లో కాగితం మీద ముందే గడులు గీసుకుని కూర్చుంటే ఇంకా మంచిది, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

చుక్కలు, కామాలు అడిగారు కదా. స్పెయిన్, కొలంబియా, చిలీ, అర్జెంటీనా: వేలకి చుక్క, దశాంశానికి కామా. మెక్సికో, మధ్య అమెరికాలో ఎక్కువ దేశాలు: మన లాగా వేలకి కామా, దశాంశానికి చుక్క, కాకపోతే వాళ్లు మూడేసి అంకెలకి. అకాడమీ, అంతర్జాతీయ ప్రమాణాలు ఈ గొడవంతా వద్దు, మూడేసి అంకెల మధ్య చిన్న ఖాళీ వదలండి, నాలుగంకెల వాటికి అదీ అక్కర్లేదు అంటాయి. స్కూల్ పుస్తకాల్లో, ప్రభుత్వ కాగితాల్లో అలా కనిపిస్తుంది, దుకాణాల్లో మాత్రం చుక్కే. సంవత్సరాలకి చుక్క పెట్టరు, 2024 అనే రాస్తారు.

ఇక్కడ ఒక మంచి ఉదాహరణ ఉంది. యూరో వచ్చినప్పుడు స్పెయిన్ పాత డబ్బు పెసెతాని ఖరారు చేసిన రేటు, ఒక యూరోకి 166,386 పెసెతాలు. మన కళ్లతో చూస్తే లక్షా అరవై ఆరు వేలు. అది నూట అరవై ఆరు చిల్లర, కామా తర్వాతది దశాంశం! పెద్దవాళ్లు ఇళ్ల ధరలు ఇప్పటికీ పెసెతాల్లో తల్చుకుంటారు, పది లక్షల పెసెతాలని "ఊన్ కీలో" అనేవాళ్లు.

ఎక్సెల్‌లో జాగ్రత్త. మన రీజనల్ సెట్టింగ్ ఉన్న సిస్టమ్‌లో చిలీ ఫైల్ తెరిస్తే 3.450 అనేది మూడు వేల నాలుగు వందల యాభై కాకుండా మూడున్నర కంటే తక్కువైపోతుంది, అదీ నిశ్శబ్దంగా, ఎర్రర్ కూడా రాదు. 1.250.000 అయితే రెండు చుక్కలు ఉన్నాయి కాబట్టి టెక్స్ట్‌గా మిగిలిపోతుంది, కనీసం దొరికిపోతుంది. కాబట్టి చిన్న అంకెలే ఎక్కువ ప్రమాదం. కాలమ్‌ని ముందు టెక్స్ట్‌గా దింపుకుని నంబర్‌వాల్యూ ఫంక్షన్‌లో దశాంశానికి కామా, వేలకి చుక్క అని చెప్పి మార్చుకోండి.

స్పానిష్_టీచర్_బెజవాడ

అక్షరాల్లో రాయడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, కాస్త పెద్దదవుతుంది. విని పలికినట్టే తెలుగులో రాస్తున్నా, స్పానిష్‌లో వి అక్షరాన్ని బ లాగే పలుకుతారు, అందుకే బెయింతె, నొబెంతా. త, ద మాత్రం మన త, ద లే, ఆ విషయంలో ఇంగ్లీష్ మీడియం పిల్లల కంటే మనకి సుఖం. స్పెయిన్‌లో అయితే సిన్కోని థిన్కో అంటారు, సియెన్‌ని థియెన్ అంటారు.

సియెన్, సియెంతో ఎప్పుడు ఏది అని అందరూ అడుగుతారు. తెలుగువాళ్లు అడగకూడదు అసలు! వంద అంటాం, వంద పది అనం, నూట పది అంటాం. అదే ఇది. ఒంటరిగా ఉంటే సియెన్, వెనకాల ఇంకా చిల్లర ఉంటే సియెంతో. సియెన్ పెసోస్, సియెంతో దియేస్ పెసోస్. మిల్ ముందు, మియోనెస్ ముందు సియెన్ అలాగే ఉంటుంది, అక్కడ వంద చిల్లర లేకుండా నిండుగా ఉంది కాబట్టి: సియెన్ మిల్. కానీ సియెంతో బెయింతె మిల్.

"ఇ" అనే కలుపు మాట పదులకి, ఒకట్లకి మధ్య మాత్రమే, అదీ 31 నుంచి 99 దాకా. త్రెయింతా ఇ ఊనో. వంద తర్వాత రాదు. ఇంగ్లీష్ అలవాటుతో సియెంతో ఇ సిన్కో అనేస్తారు పిల్లలు, తప్పు, సియెంతో సిన్కో. 16 నుంచి 29 దాకా అంతా కలిపి ఒకే పదంగా రాయాలి, వందలు కూడా ఒకే పదం, దోస్సియెంతోస్. 30 దాటాక మూడు ముక్కలు. 2010 నాటి అకాడమీ స్పెల్లింగ్ పుస్తకం 31 నుంచి కూడా కలిపి రాయడాన్ని ఒప్పుకుంది కానీ విడిగా రాయడమే మేలంది, మీరు విడిగానే రాయండి, పరీక్షలో ఎవరూ ప్రశ్నించరు. అక్షరం మీద గీత మర్చిపోకూడనివి 16, 22, 23, 26. ఇంకా మియోన్ ఒకటైతే గీత ఉంటుంది, మియోనెస్ అయితే ఉండదు.

వందల్లో మూడు మొండివి: 500 కినియెంతోస్, 700 సెతెసియెంతోస్, 900 నొబెసియెంతోస్. మిగతావన్నీ అంకె పక్కన సియెంతోస్ పెడితే అయిపోతుంది, ఈ మూడింటినీ విడిగా బట్టీ పట్టాల్సిందే.

మిల్‌కి బహువచనం ఉండదు, దోస్ మిల్. ఒక వెయ్యికి ముందు ఊన్ పెట్టరు. మియోన్‌కి ఈ రెండూ ఉంటాయి, ఊన్ మియోన్, దోస్ మియోనెస్. ఎందుకంటే మిల్ అంకె, మియోన్ నామవాచకం. నామవాచకం కాబట్టే దాని తర్వాత వస్తువు పేరు నేరుగా వస్తే మధ్యలో దె కావాలి: ఊన్ మియోన్ దె పెసోస్. తర్వాత ఇంకా అంకెలు ఉంటే దె పోతుంది: ఊన్ మియోన్ సియెన్ మిల్ పెసోస్.

లింగం దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు. 200 నుంచి 900 దాకా వందలు వెనక వచ్చే మాటని బట్టి మారతాయి. పెసో పుంలింగం, దోస్సియెంతోస్ పెసోస్. పెర్సోనా స్త్రీలింగం, దోస్సియెంతాస్ పెర్సోనాస్. మధ్యలో మిల్ ఉన్నా మారాలి, దోస్సియెంతాస్ మిల్ పెర్సోనాస్. మియోన్ ఉంటే మాత్రం దాని ముందున్నది మియోన్ మాటే వింటుంది, మియోన్ పుంలింగం: దోస్సియెంతోస్ మియోనెస్ దె పెర్సోనాస్. ఇక ఇరవై కోట్ల రెండు లక్షల మంది అనాల్సి వస్తే ఒకే వాక్యంలో రెండూ వస్తాయి, దోస్సియెంతోస్ మియోనెస్ దోస్సియెంతాస్ మిల్ పెర్సోనాస్. అకౌంట్స్‌లో ఉన్నారు కాబట్టి పెసో, యూరో, డాలర్ అన్నీ పుంలింగమే, మీ అదృష్టం. పెసెతా, లీబ్రా (పౌండ్) వస్తే స్త్రీలింగం.

ప్రాక్టీస్‌కి ఒకటి ఇస్తా. కాంతి వేగం సెకనుకి 299.792.458 మీటర్లు. దోస్సియెంతోస్ నొబెంతా ఇ నుయేబె మియోనెస్ సెతెసియెంతోస్ నొబెంతా ఇ దోస్ మిల్ క్వాత్రొసియెంతోస్ సింక్వెంతా ఇ ఓచో మేత్రోస్. ఇది ఆగకుండా చెప్పగలిగితే మీకు రానిది ఏమీ లేదు.

అంకెల_గోల

టీచర్ గారూ, నూట పది ఉదాహరణతో ఒక్కసారిగా తేలిపోయింది. అయితే నేనొకటి రాస్తా, ఎలా చదవాలో మీరు చెప్పండి: 2,07,48,521 పెసోలు. లక్షలు ఒంటి అంకె కాబట్టి సున్నా లెక్కలోకి తీసుకున్నా, 20.748.521 వచ్చింది. చివరి 521 దగ్గర ఆగిపోయా, బెయింతిఊనో అనాలా ఇంకేమైనానా?

స్పానిష్_టీచర్_బెజవాడ

బెయింతె మియోనెస్ సెతెసియెంతోస్ క్వారెంతా ఇ ఓచో మిల్ కినియెంతోస్ బెయింతిఊన్ పెసోస్. పుంలింగ నామవాచకం ముందు ఊనో చివరి ఓ రాలిపోతుంది, పైగా బెయింతిఊన్‌లో ఊ మీద గీత వస్తుంది. అదే ఇన్వాయిస్‌లు లెక్కపెడుతుంటే, ఫక్తూరా స్త్రీలింగం కాబట్టి, కినియెంతాస్ బెయింతిఊనా ఫక్తూరాస్. వెనక ఏ మాటా లేకుండా ఉత్త అంకె చదివితే బెయింతిఊనో.

హ్యూస్టన్_మామ

వ్యాకరణం అంతా బాగుంది టీచర్ గారూ, కానీ కౌంటర్ దగ్గర గానీ ఫోన్‌లో గానీ అసలు దెబ్బ తగిలేది ఒక్కచోటే, అరవై, డెబ్బై. సెసెంతా, సెతెంతా. ఫోన్ లైన్ కాస్త గీరుతుంటే స, త తేడా వినపడదు. ఆరు వందలు, ఏడు వందలు కూడా అంతే. నాకు స్టోర్ ఉంది ఇక్కడ, కస్టమర్లు సగం మంది మెక్సికో, హోండురాస్, సాల్వడోర్ వాళ్లు, స్పానిష్ నేను చదువుకుని నేర్చుకున్నది కాదు. నేను చేసేది ఏంటంటే డౌట్ వస్తే అంకెలు విడగొట్టి అడుగుతా, "సేయ్స్ సేరో, ఓ సియేతె సేరో?" వాళ్లు ఏమీ అనుకోరు, వాళ్లలో వాళ్లకే ఈ తికమక ఉంది. మొత్తం అంకె తిరిగి చదివి ఒప్పించుకోవడం కంటే ఇది తేలిక.

ఇంకో మాట తల్లీ, ఇక్కడి స్పానిష్ టీవీ, ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లీష్ ప్రభావంతో బియోన్‌ని బిలియన్ అర్థంలో వాడేస్తారు, ప్యూర్టోరికో వాళ్లు కూడా. కాబట్టి అమెరికా నుంచి వచ్చిన కాగితంలో బియోన్ కనిపిస్తే పక్కన సున్నాలు లెక్కపెట్టుకో.

కోచింగ్_బ్రో

సరే బియోన్ సంగతి ఒప్పుకుంటా. కానీ లక్షలు, కోట్లలోకి మార్చడం మాత్రం నాకు నచ్చట్లేదు. ఎప్పటికీ మారుస్తూనే ఉండాలి. నేరుగా మియోన్‌లోనే ఆలోచించడం అలవాటు చేసుకోవాలి కదా.

బొగోటా_బాబు

ఇది మంచి పాయింట్, చివరికి అక్కడికే చేరాలి. కానీ ఊరికే ఆలోచించు అంటే రాదు, పట్టుకోడానికి తెలిసిన అంకెలు కావాలి. నాకు మియోన్ అంటే ఎంతో ఒంటికి పట్టింది ఇంటి అద్దెతో. చేతిలో డబ్బు పెట్టి ఇచ్చే అంకె మర్చిపోం. ఆవిడకి ఇన్వాయిస్‌లే ఉన్నాయి, ప్రతి వెండర్‌కి మామూలుగా వచ్చే బిల్లు ఎన్ని మియోన్లో ఒకసారి చూసి పెట్టుకుంటే, రేపు పది రెట్లు ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా, లెక్క కట్టకుండానే ఇదేదో తేడాగా ఉందే అనిపిస్తుంది. అప్పటిదాకా లక్షల్లోకి మార్చుకుంటే వచ్చిన నష్టమేం లేదు.

సంవత్సరాలకి మాత్రం తెలుగుని పక్కన పెట్టాలి. మనం పందొమ్మిది వందల తొంభై రెండు అంటాం, ఇంగ్లీష్‌లో నైన్‌టీన్ నైన్టీటూ. స్పానిష్‌లో రెండూ పనికిరావు. మిల్ నొబెసియెంతోస్ నొబెంతా ఇ దోస్, పూర్తిగా చెప్పాల్సిందే. పందొమ్మిది వందలు అనే ఆలోచనే వాళ్లకి లేదు.

అంకెల_గోల

అందరికీ చాలా థాంక్స్. ఆఖరుగా ఒక్కటి. నమూనాకి ఇచ్చిన మెక్సికో ఇన్వాయిస్‌ల్లో మొత్తం కింద అక్షరాల్లో రాసి చివర 00/100 ఎం.ఎన్. అని ఉంటోంది. కొన్నింట్లో "ఊన్ మిల్" అని కూడా చూశా. ఒక వెయ్యికి ఊన్ రాదని టీచర్ గారు అన్నారు కదా?

స్పానిష్_టీచర్_బెజవాడ

మాటల్లో రాదు, డబ్బు కాగితాల్లో వస్తుంది. చెక్కు మీద ఉత్త మిల్ అని రాస్తే ముందు ఖాళీలో ఎవరైనా దోస్ అని చేర్చి రెండు వేలు చెయ్యొచ్చు, అందుకని అక్కడ ఊన్ పెట్టి తలుపు మూసేస్తారు. మనం చెక్కు మీద చివర్లో మాత్రమే అని రాసి గీత గీస్తామే, ఆ భయమే. ఎం.ఎన్. అంటే మోనేదా నాసియొనాల్, ఆ దేశపు డబ్బు. డాలర్ గుర్తు పెసోకి కూడా అదే కాబట్టి అమెరికా డాలర్లు కావు, పెసోలు అని చెప్పడానికి అది పనికొస్తుంది. 00/100 అంటే పైసలు, వాళ్ల సెంతావోలు, సున్నా. యాభై ఉంటే 50/100. మీరు అక్షరాల్లో రాసినప్పుడు పైసల్ని మాటల్లో రాయొద్దు, ఇలాగే అంకెల్లో పెట్టండి: దోసె మిల్ కినియెంతోస్ పెసోస్ 50/100 ఎం.ఎన్.

చిలీ ఇన్వాయిస్‌లో ఇది కనపడదు, వాళ్ల పెసోకి వాడుకలో పైసలు లేవు. అక్కడ మొత్తంలో కామా కనిపిస్తే ముందు ఆ కాగితాన్నే అనుమానించండి.